ఇరవై తొమ్మిది నేర్పేటప్పుడు తురుపు మూసిపెట్టాలా, తెరిచిపెట్టాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
కుమార పున్నమి (ఒడిశాలో ఆశ్వయుజ పున్నమి) రాత్రి పేకాటకి కూర్చునే ఇళ్లన్నిట్లో ఇదే తగువు. ట్వంటీ నైన్ (ఇరవై తొమ్మిది ఆట) వచ్చినవాళ్లు ముగ్గురుంటారు, నాలుగో మనిషికి రమ్మీ తప్ప మరొకటి రాదు. ఆ మనిషికి మొదటి రోజే తురుపు మూసిపెట్టి నేర్పాలా, కొన్నాళ్లు తెరిచిపెట్టి ఆడించాలా? కారణాలతో చెప్పండి.

ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఆడతారు కాబట్టి, ఇక్కడ ఏ పద్ధతి గురించి మాట్లాడుతున్నామో ముందే రాస్తున్నాను. ఏడు నుంచి పైముక్కలే, మొత్తం 32. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. పంచడం, ఆడడం రెండూ కుడివైపుకే తిరుగుతాయి. జాకీకి 3, తొమ్మిదికి 2, ఆసుకి 1, పదికి 1. రాజు, రాణి, ఎనిమిది, ఏడు వీటికి సున్నా. రంగుకి 7 చొప్పున మొత్తం 28. ముందు నాలుగేసి ముక్కలు పంచి పాట (ఎన్ని పాయింట్లు తెస్తామో వేలంలా చెప్పడం) పెడతారు. పాట దక్కినవారు పక్కన తీసేసిన చిన్న ముక్కల్లోంచి (రెండు నుంచి ఐదు దాకా) తనకు కావలసిన రంగుది ఒకటి బోర్లా పెడతారు. అదే తురుపు గుర్తు. తర్వాత మిగతా నాలుగేసి పంచుతారు. దిగిన రంగు చేతిలో లేనివారు తురుపు చూపించమని అడిగేదాకా ఆ గుర్తు బోర్లానే ఉంటుంది, అప్పటిదాకా తురుపుకి బలం లేదు. అడిగినవారి దగ్గర తురుపు ఉంటే ఆ పట్టులో (నలుగురూ ఒక్కో ముక్క వేసే ఆ చుట్టులో) అదే వేసి తీరాలి.

ఋషికుల్య (బరంపురం)
తెరిచిపెట్టే నేర్పాలి. కనీసం నలుగురూ ఒక్కోసారి పంచేదాకా, అంటే నాలుగు ఆటలు.

రమ్మీ ఆడే చేతికి ఆసు, రాజు, రాణి పెద్దవని పాతుకుపోయి ఉంటుంది. ఇక్కడ వరస జాకీ, తొమ్మిది, ఆసు, పది, రాజు, రాణి, ఎనిమిది, ఏడు. ఆసు మీద తొమ్మిది పడితే పట్టు పోతుందన్నది బుర్రకెక్కడానికే టైం పడుతుంది. దానికితోడు దిగిన రంగు ఉంటే అదే వేయాలి, జోడీ గెలుస్తున్న పట్టులో పాయింట్ల ముక్క వేయాలి, అవతలివాళ్లు గెలుస్తున్న పట్టులో సున్నా ముక్క వదలాలి. ఇన్ని ఒకేసారి మోస్తున్న మనిషికి దాచిన తురుపు కూడా తగిలిస్తే రెండే జరుగుతాయి. చేతిలో రంగు లేనప్పుడు అడగవచ్చన్న సంగతే మర్చిపోయి ఏదో ముక్క పారేస్తారు. లేదా రంగు లేని ప్రతిసారీ అడిగేసి, జోడీ జాకీతో గెలుస్తున్న పట్టులో మంచి తురుపు దండగ చేస్తారు. రెండు తప్పులూ ఆట అయిపోయాక గానీ బయటపడవు. అప్పటికి ఏ పట్టులో ఏం జరిగిందో కొత్తవాళ్లకి గుర్తుండదు, కాబట్టి దిద్దినా ఎక్కదు.

గుర్తు తెరిచి మధ్యలో పెట్టారంటే తప్పు ఏ పట్టులో జరిగిందో అక్కడే చూపించవచ్చు.

వంశధార_గుణుపురం
ఋషికుల్యగారూ, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. కానీ తెరిచి ఆడిన నాలుగు ఆటల్లో కొత్తవాళ్లకి పట్టుబడేది వేరే ఆట. దాన్ని మళ్లీ వదిలించడం ఇంకా కష్టం.

తురుపు తెలిసిపోతే పాట పాడినవారు తప్ప మిగతా ముగ్గురికీ ఆలోచించే పనే ఉండదు. మూసి ఉన్నప్పుడు ముగ్గురూ ఊహించాలి, ఊహించడానికి ఆనవాళ్లు కూడా ఉంటాయి. పాట 19 దాకా లాగారంటే నాలుగు ముక్కల్లోనే ఏదో రంగులో జాకీ, దానితోపాటు తొమ్మిదో మరో రెండు ముక్కలో ఉన్నట్టు. పట్టు తమ చేతికొచ్చినా మొదటి మూడు పట్లలో ఏ రంగు దించకుండా తప్పించుకుంటున్నారో చూడాలి. ఆ రంగు దించితే తన తురుపులు తనే ఖర్చు చేసుకున్నట్టవుతుంది కాబట్టి చాలామంది దాన్ని ఆపుకుంటారు. పక్కా అని చెప్పలేం. జాకీ, తొమ్మిది రెండూ ఉన్నవారు కావాలనే ముందు అదే దించి మిగతావాళ్ల తురుపులు రాబడతారు కూడా. ఈ ఊహ లేని ట్వంటీ నైన్‌లో మిగిలేది పాయింట్లు కూడుకోవడమే.

పాట విషయం కూడా ఉంది. తురుపు తెలియకపోతే అవతలివాళ్లు తురుపు ఆసునో పదినో తెలియక తమ జోడీ గెలుస్తున్న పట్టులో పారేస్తారు, పాడినవారికి అక్కడ బలం మిగులుతుంది. తెలిస్తే ఎవరూ పారేయరు. కాబట్టి తెరిచి ఆడే ఆటలో ఎంత పాడితే నెగ్గుతామన్న అంచనాకి, మూసి ఆడే ఆటలో అంచనాకి పొంతన ఉండదు. మొదట్లో కుదిరిన అంచనా తప్పయితే పాట ఎప్పటికీ తప్పుతూనే ఉంటుంది.

రాయగడ_29
చిన్న ప్రశ్న. కనీసం పాట 15 నుంచా, 16 నుంచా? చివరి పట్టుకి అదనపు పాయింటు ఉందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
రెండూ చెల్లుతాయి, కూర్చునే ముందు ఖాయం చేసుకోవాలి. కొత్తవాళ్లు ఉంటే 16 మేలు. 15 అంటే సగానికి ఒక్కటే ఎక్కువ కాబట్టి చేతిలో ఏమీ లేనివారు కూడా పాడేస్తారు. చివరి పట్టుకి 1 కలిపితేనే మొత్తం 29 అవుతుంది, కానీ ఇప్పుడు చాలాచోట్ల అది కలపరు. కలపకపోతే రెండు జట్ల లెక్కా కూడితే 28 రావాలి. 27 వచ్చిందంటే ఎక్కువసార్లు ఎవరో పదిని లెక్కపెట్టడం మర్చిపోయినట్టు.

పెద్దమ్మ_జయపురం
బాబూ, అమ్మా, మీరిద్దరూ తురుపు దగ్గరే తగువు పడుతున్నారు. కొత్తవాళ్లు చిక్కుకునేది దానికంటే ముందు.

ఆట మొదలుపెట్టకుండా ఒక రంగు ఎనిమిది ముక్కలూ బోర్లించి ఇవ్వండి. జాకీ నుంచి ఏడు దాకా వరసగా పేర్చమనండి. తడబడకుండా పేర్చగలిగాక రెండు రంగులు కలిపి ఇవ్వండి. తర్వాత నాలుగు ముక్కలు ఒక పట్టుగా నేల మీద వేసి ఎవరిది గెలిచింది, అందులో ఎన్ని పాయింట్లు అని అడగండి. ఆఠీను రాజు, ఆఠీను తొమ్మిది, ఆఠీను ఆసు, కళావరు జాకీ పడ్డాయనుకోండి. దిగినది ఆఠీను, తురుపు ఇంకా తెరవలేదు. గెలిచింది తొమ్మిది, పాయింట్లు ఆరు. కళావరు జాకీకి గెలిచే శక్తి లేదు గానీ దాని మూడు పాయింట్లు మాత్రం పట్టుతోపాటు పోతాయి. ఈ ఒక్క పట్టు అర్థమయ్యాక తురుపు మూసినా తెరిచినా వాళ్లు తట్టుకుంటారు. ఇది అర్థం కాకుండా కూర్చోబెడితే ఏం చేసినా లాభం లేదు.

పేక కూడా చూసుకోండి. రమ్మీ కట్టలోంచి తీసిన 32 ముక్కల్లో ఒక్కటి తగ్గినా పాట అయి మిగతా నాలుగేసి పంచేదాకా తెలియదు. పంచే ముందు ఒక్కో రంగుకి ఎనిమిది ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

ఋషికుల్య (బరంపురం)
పెద్దమ్మా, మీ పట్టు ఉదాహరణ నేర్పేవాళ్లందరికీ కావాలి. అది నా మాటకే బలం. తురుపు జోలికి పోకుండా ముందు ఒకటి గట్టిపడాలని మీరూ అంటున్నారు.

వంశధారగారు అన్న పాట అంచనా సంగతి ఒప్పుకుంటాను. అయితే దానికి విరుగుడు వేరే ఉంది. తెరిచి ఆడే నాలుగు ఆటల్లో పాటే వద్దు. పంచినవారి కుడివైపు మనిషి తొలి నాలుగు ముక్కలు చూసుకుని తురుపు చెప్తారు, లక్ష్యం అందరికీ 16. పాటే పాడకపోతే తప్పు అంచనా ఎక్కడ కుదురుతుంది?

వంశధార_గుణుపురం
అలాగైతే సగం ఒప్పుకుంటాను. కానీ పాటని వెనక్కి నెట్టడం ఎందుకు? ఆడకుండానే పాట నేర్పవచ్చు. నాలుగేసి ముక్కలు పంచండి, నలుగురూ తమ ముక్కలు అందరికీ కనబడేలా పెట్టి ఎంతదాకా పాడతారో, ఏ రంగు తురుపు పెడతారో, ఎందుకో చెప్పండి. ముక్కలు కలిపేసి మళ్లీ పంచండి. ఒక్కోసారికి రెండు మూడు నిమిషాలు చాలు.

ఇలాంటి చెయ్యి వచ్చిందనుకోండి: కళావరు జాకీ, తొమ్మిది, ఏడు, డైమను జాకీ. కళావరు తురుపు పెట్టి 18 దాకా ధైర్యంగా పాడవచ్చు. రెండు పెద్ద తురుపులు ఓడవు, డైమను జాకీని ఎవరికీ డైమను తెగకముందే (చేతిలో అయిపోకముందే) దించితే అదీ గెలుస్తుంది. మీ ముక్కల్లోనే 8 పాయింట్లు, వాటి మీద జోడీ వేసే ఆసులూ పదులూ అదనం.

ఇప్పుడు ఇంకో చెయ్యి: కళావరు ఆసు, పది, రాజు, ఎనిమిది. నాలుగూ ఒకే రంగు కనబడగానే కొత్తవాళ్లు 20 పాడేస్తారు. జాకీ, తొమ్మిది రెండూ బయట ఉన్నాయి. అవి అవతలి చేతుల్లో పడితే ఆసు, పది వాటి కిందకే పోతాయి. తర్వాతి నాలుగులో కళావరు రాణి వస్తే తురుపు రాజూ రాణీ జంటగా కలిసి లక్ష్యం తగ్గుతుందన్న ఆశ ఒక్కటే దీనికి బలం. 16కి మించి పాడకూడదు.

రంగుకి ఎనిమిదే ముక్కలు, ఆడేవాళ్లు నలుగురు. అందరూ ఒకసారి ఆ రంగు వేస్తే మిగిలేవి నాలుగే. రెండోసారి అదే రంగు దిగేసరికి ఎవరో ఒకరికి తెగిపోయి ఉండడం మామూలే. పక్క రంగు జాకీ పట్టుకుని కూర్చోకండి అని పదేపదే చెప్పేది అందుకే.

బోయితా_బందరు
అసలు గంజాం వైపు పాత ఆట గంజపా కదా! గుండ్రటి ముక్కల ఆట ఇంట్లో పిల్లలకి నేర్పకుండా ట్వంటీ నైన్ గురించి ఇంత చర్చ ఎందుకు?

పెద్దమ్మ_జయపురం
గంజపా గొప్ప ఆటే, దాని ముక్కలు చేయడమే ఒక కళ. గుడ్డని చింతగింజల జిగురుతో పొరలుగా అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కత్తిరించి బొమ్మలు వేస్తారు. కానీ ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలు. రంగుకి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో మంత్రి తర్వాత ఒకటే పెద్దది. ఆ తిరకాసు రమ్మీ చేతికి జాకీ తొమ్మిది కంటే పదింతలు కష్టం. వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.

ట్వంటీ నైన్‌ని కూడా చులకన చేయకండి. కేరళలో ఇరవై ఎనిమిది, తమిళులు ఆడే మూడు వందల నాలుగు దీనికి అక్కచెల్లెళ్లే. వాటిలోనూ జాకీ, తొమ్మిదే పైన.

రాయగడ_29
మా దగ్గర జోడీలో ఒకరు ఒడియా, ఒకరు తెలుగు. పాట ‘అఠర’ అని ఒకరు, ‘పద్దెనిమిది’ అని ఒకరు అంటే కొత్తవాళ్లు ఎంత దగ్గర ఆగిందో మర్చిపోతున్నారు. ఏం చేయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పాట ఆగగానే ఆ సంఖ్య కాగితం మీద రాసి తురుపు గుర్తు పక్కనే పెట్టండి. పాట గొడవల్లో సగం అక్కడే తీరిపోతాయి. గెలుపు ఓటములకి మాత్రం కాగితం అక్కర్లేదు. పక్కన తీసిన ఆర్లు అందుకే ఉన్నాయి. జట్టుకి ఒక ఎర్ర ఆరు, ఒక నల్ల ఆరు. ఒకదాన్ని బోర్లించి రెండో దాన్ని కప్పాలి. పాట నెగ్గితే ఎర్ర గుర్తు ఒకటి, ఓడితే నల్ల గుర్తు ఒకటి బయటపడేలా పైముక్క జరపాలి. ఆరు ఎర్రవి బయటపడ్డ జట్టు గెలిచినట్టు, ఆరు నల్లవి అయితే ఓడినట్టు. పైసా పందెం లేకుండా రాత్రంతా ఆడుకోవచ్చు.

ఋషికుల్య (బరంపురం)
తురుపు మూసి ఆడడం మొదలుపెట్టిన రోజు, తెరవమని ఎప్పుడు అడగాలో ఈ మూడు సందర్భాలతో చెప్పండి.

మీ జోడీ ఆఠీను జాకీ దించారు, మీ చేతిలో ఆఠీను లేదు. అడగకండి. పట్టు ఎలాగూ మీదే. తర్వాత పోగొట్టుకునే భయం ఉన్న ఆసో పదో అందులో వేయండి. జాకీ తోడు లేని తొమ్మిది ఉంటే ఇంకా మంచిది.

అవతలివారి జాకీ దిగింది, దాని మీద ఆసు కూడా పడింది, మీకు ఆ రంగు లేదు. అడగాలి. నాలుగు పాయింట్లు పోతున్నాయి. తురుపు ఉంటే కొట్టండి, లేకపోతే సున్నా ముక్క వదలండి.

పాయింట్ల ముక్కలేవీ పడని ఉత్త పట్టు అవతలివారికి పోతోంది, మీకు రంగు లేదు. ఇక్కడే అందరూ పొరబడతారు. సున్నా పాయింట్ల కోసం తురుపు తెరిపిస్తే మిగతా పట్లన్నిట్లో పాడినవారి చేతికి కొట్టే బలం ముందే ఇచ్చినట్టు. ఉత్త పట్టు వదిలేయండి.

వంశధార_గుణుపురం
మూడోది బంగారం లాంటి మాట. దానికి ఒక్క మినహాయింపు ఉంది. మీ చేతిలో రాజూ రాణీ ఒకే రంగువి ఉండి, అదే తురుపు అని గట్టి అనుమానం ఉంటే ఉత్త పట్టయినా అడగండి. తురుపు తెరిచాక మీ జట్టు ఒక పట్టు గెలిస్తేనే ఆ జంట చూపించే హక్కు వస్తుంది. చూపేటప్పుడు రెండూ చేతిలోనే ఉండాలి. అడిగినందుకు ఆ పట్టులో తురుపు వేయాల్సి ఉంటుంది కాబట్టి, జంట కాకుండా మూడో తురుపు కూడా ఉంటేనే ఈ పని చేయండి. లేకపోతే రాజో రాణో మీ చేత్తో మీరే వేసేసుకుంటారు.

జంట చూపింది పాడిన జట్టయితే లక్ష్యం 4 తగ్గుతుంది, 16 కంటే కిందకి దిగదు. అవతలి జట్టయితే 4 పెరుగుతుంది, 28 దాటదు. డబుల్, రీడబుల్, ఏడో ముక్కని తురుపు చేయడం లాంటివి మొదటి వారం అసలు ఎత్తవద్దు.

పెద్దమ్మ_జయపురం
రంగు ఉండగా వేరే రంగు వేసినవారి సంగతి కూడా తేల్చండి. పెద్దవాళ్ల ఆటలో అయితే ఆ ఆట ఓడినట్టే. కొత్తవాళ్లు వేస్తే తర్వాతి పట్టు మొదలయ్యేలోపు ముక్క వెనక్కి తీసుకోనివ్వండి. ఆ తర్వాత పట్టుబడితే ఆ ఆట రద్దు చేసి మళ్లీ పంచండి, నల్ల గుర్తు మాత్రం జరపకండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఈసారి పున్నమికి ఇలా పెడుతున్నాం. ముందు పెద్దమ్మగారి వరస పేర్పులు, తర్వాత వంశధారగారి నాలుగు ముక్కల పాట సాధన, ఆపైన ఋషికుల్యగారి పద్ధతిలో పాట లేకుండా, తురుపు తెరిచి నాలుగు ఆటలు. అయిదో ఆట నుంచి మూసిపెట్టి, పాట పెట్టి. ఋషికుల్యగారూ, మీ నాలుగు ఆటల్లో జోడీలు మార్చుతూ ఉండాలా, అవే ఉంచాలా?

ఋషికుల్య (బరంపురం)
మార్చండి. కొత్త మనిషి తక్కిన ముగ్గురికీ ఒక్కోసారి ఎదురుగా కూర్చోవాలి. నాలుగో ఆట ఎవరి పక్షాన తడబడ్డారో వాళ్లతోనే.