క్రిస్మస్ పంపకాలకే పరిమితం కాకుండా, ఏడాది పొడవునా పేదలను సంఘం ఎలా ఆదుకోవాలి?

ప్రశ్న (కర్నూలు)

అందరికీ వందనాలు. మాది సుమారు 60 కుటుంబాలున్న చిన్న సంఘం. ప్రతి క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీర, 10 కిలోల బియ్యం ఇస్తున్నాము. నిరుడు ఫొటో తీసే సమయంలో ఒక పెద్దమ్మ కొంగును ముఖానికి అడ్డంగా లాక్కొని, ఒక్క చేత్తోనే బియ్యం సంచి అందుకున్నది. ఆ దృశ్యం నా మనసును కలచివేసింది. తరువాత వాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడితే, ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయనీ, ఆసుపత్రికి తోడు వచ్చేవారు లేక రెండేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నదనీ తెలిసింది. ఆకలిగొన్నవారికి, రోగులకు, పరదేశులకు చేసినది తనకే చేసినట్లని ప్రభువు చెప్పిన మాటను మేము ఏడాదికి ఒక్కరోజే పాటిస్తున్నామేమో అనిపిస్తోంది. మీ సంఘాలలో ఏమి చేస్తున్నారో దయచేసి చెప్పండి.

జవాబు 1 (కర్నూలు)

నేను చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. మన పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు వైపుల నుండి కూడా రోగులు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది గానీ, తోడు వచ్చిన భార్యో తల్లో వరండాలో చాప పరచుకొని, రోగిని విడిచి స్నానానికైనా వెళ్లలేక రోజులు గడుపుతుంది. మీ స్త్రీల సమాజం నుండి వారానికి రెండు సార్లు ఇద్దరు వెళ్లి, ఆమె స్నానం చేసి కాస్త కునుకు తీసేవరకు ఆ మంచం పక్కన కూర్చుంటే, అది పండ్ల సంచి కంటే పెద్ద సాయం. డిశ్చార్జి నాడు బస్సు ఛార్జీ లేక ఆగిపోయేవారు కూడా ఉంటారు.

రక్తం సంగతి మరువకండి. సంఘంలో ఎవరిది ఏ గ్రూపో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. 18 నుండి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులైతే 3 నెలలకు, స్త్రీలైతే 4 నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు.

మరొక మనవి. రోగి అడిగితే తప్పక ప్రార్థించండి. అడగకముందే మంచం చుట్టూ చేరి గొంతెత్తితే, సాయం పొందిన మొహమాటంతో ఆ మనిషి కాదనలేకపోతుంది. అది ప్రేమ కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జవాబు 2 (కడప)

మా జిల్లాలో మిషనరీ వైద్యులు జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. మాకు అంత శక్తి లేదు కనుక, మేము కాగితాల పని చేపట్టాము. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోటు వచ్చినప్పుడు, ఆ పని చూసుకోవడానికి ఏడుగురిని ప్రత్యేకంగా ఏర్పరచారు కదా. మేము ఇద్దరిని పెట్టుకున్నాము.

ఎవరైనా చనిపోతే భూస్థాపనకూ ఆదరణ కూటానికీ అందరం వెళ్తాము గానీ, మరణ నమోదు సంగతి ఎవరికీ గుర్తుండదు. 21 రోజుల లోపల చేయిస్తే పని తేలిక. ఏడాది దాటితే అధికారి ఆదేశం కోసం తిరగవలసి వస్తుంది. భర్త మరణ ధ్రువీకరణ పత్రం లేకపోతే వితంతు పింఛనుకు దరఖాస్తు ముందుకు కదలదు. 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు వస్తున్న ఆ పింఛను ముందు, మనం ఏడాదికొకసారి ఇచ్చే చీర ఎంత? అందుకే ఆదరణ కూటం నాటికే మావాళ్లు ఆ ఇంటి ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తీసుకొని సచివాలయానికి వెళ్తారు. ఆ ఇల్లు మా సంఘంలోనిదా కాదా అని చూడరు.

జవాబు 3 (ఆదోని)

మా వైపు పల్లెల నుండి మిరపకాయల కోతకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస పోతాయి. ముసలివాళ్లు మాత్రం ఇంటి దగ్గర మిగిలిపోతారు. మొదట్లో మేమూ బియ్యమే ఇచ్చేవాళ్లము. ఒక అవ్వ ఇంట్లో ఆ సంచి మూడు వారాల తరువాత కూడా కట్టిన తాడు కట్టినట్లే ఉంది. చేతులు వణికే మనిషికి పొయ్యి అంటించేవారెవరు? ఇప్పుడు ప్రతి ఇంట్లో వంటకు ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యాన్ని ఆదివారం మందిరానికి తెచ్చి, వంతుల వారీగా వండి, అటువంటి ఇళ్లకు క్యారియరులో పంపుతున్నాము. క్యారియరు తీసుకెళ్లేవారు అవ్వతో పావుగంట కూర్చోవాలన్నది మా నియమం. జ్వరం వచ్చిందో, మాత్రలు అయిపోయాయో ఆ పావుగంటలోనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న పెద్దలతో మాట్లాడాను. ఈ డిసెంబరు నుండి పంపకంలో కెమెరా ఉండదు. ఇవ్వవలసినది ఇంటికే తీసుకెళ్లి ఇస్తాము. రక్తం గ్రూపుల పుస్తకం మా అబ్బాయి మొదలుపెట్టాడు, ఇప్పటికి 14 పేర్లు చేరాయి. పెద్దమ్మను బుధవారం కంటి పరీక్షకు తీసుకెళ్తున్నాము. నా భార్య ఆ రాత్రి ఆమె ఇంట్లోనే ఉంటానన్నది.