బడిలో ఐరన్ మాత్రలు పిల్లలు ఉమ్మేస్తున్నారు, తల్లులను ఒప్పించేదెలా?

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. హైస్కూల్ పేరెంట్స్ కమిటీలో సభ్యురాలిని. ఆరు నుంచి పది తరగతుల వాళ్లకు వారానికోసారి, గురువారం, నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. ఆడపిల్లల్లో చాలామంది నాలుక కింద దాచుకుని కిటికీలోంచి ఉమ్మేస్తున్నారు. కిటికీ గోడ వారగా మట్టిలో నీలం మరకలే కనిపిస్తాయి. మింగిన వాళ్లలో కొందరికి అరగంటలో కడుపులో తిప్పుతుంది. మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. ఐరన్‌కి అది మామూలేనని ఏఎన్ఎం చెప్పినా ఇంట్లో నమ్మరు. వేడి చేస్తుందని నాయనమ్మలు, రేపు పిల్లలు పుట్టరని ఇంకొందరు. ఈ రెండో మాటే అసలు అడ్డంకి, తల్లులు దానికే భయపడుతున్నారు.

మాత్రను ఉదయం ప్రార్థన వేళ నుంచి మధ్యాహ్న భోజనం తర్వాతకి మార్పించాం, తిప్పడం కాస్త తగ్గింది. టీచర్లు ముందు తాము మింగి చూపించారు. ఏఎన్ఎంతో మీటింగ్ పెడితే తల్లులు రాలేదు, పగలంతా పొగాకు పనులు. ఆశా అక్క ఇల్లిల్లూ తిరిగినా ఎదురుగా తలూపి పిల్లలకు మాత్రం వద్దనే చెబుతున్నారు. ఏడో తరగతి పిల్లలు కొందరు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు, కనురెప్పల లోపల తెల్లగా ఉంది, రక్తం తక్కువైనట్టే కనిపిస్తోంది. చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

మీ ఊళ్లో ఇలాంటి భయం మొదట్లో ఉండి, తర్వాత తొలగిపోయి ఉంటే, ఎవరు చెబితే, ఏం చేస్తే తల్లులు ఒప్పుకున్నారు?