చేతిపట్టీ యాంటెన్నా: "డీ1, డీ2 కలిపితే ఇదే కదా" అన్న అభ్యంతరానికి జవాబు ఎట్ల రాయాల?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

నాడి కొలిచే చేతిపట్టీలో పెట్టే 2.45 గిగాహెర్ట్జ్ యాంటెన్నాకు వేసిన దరఖాస్తు మీద చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి ఎఫ్ఈఆర్ (మొదటి పరిశీలన నివేదిక) వచ్చింది. కొత్తదనం మీద పేచీ లేదు, ఇన్వెంటివ్ స్టెప్ (నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదన్న షరతు) మీదే. వాళ్లు ఎదురుపెట్టిన పాత పత్రాలు రెండు, డీ1, డీ2. డీ1లో జీన్స్ గుడ్డ మీద గాడి కోసిన ప్యాచ్ యాంటెన్నా. డీ2లో ఛాతీకి కట్టుకునే యాంటెన్నా, దాని వెనక ఏఎంసీ పలక, అంటే రేడియో అలల దశ (ఫేజ్) మార్చకుండా వెనక్కి కొట్టే గడుల పలక. రెండూ కలపడం నిపుణుడికి తట్టే పనే అని రాసి, పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) (తెలిసిన భాగాల ఉత్త కూర్పుకు పేటెంటు లేదనేది) కూడా తగిలించినారు.

మా క్లెయిమ్ 1 (హక్కు కోరే మొదటి అంశం): గుడ్డ మీద యాంటెన్నా, కింద 3 మిల్లీమీటర్ల ఫోమ్, దాని కింద వేరువేరు సైజుల ఏఎంసీ గడులు. మణికట్టు చుట్టూ వంగే దిశలో అంచుకు పోయేకొద్దీ గడి చిన్నదవుతుంది. ఏ వంపుకు ఎంత నిష్పత్తి అన్నది క్లెయిమ్ 4లో ఉంది.

"ఇంతవరకు ఎవరూ చేయలేదు, పైగా సైజు తగ్గింది" అని రాస్తే చాలునా? ఇంకొక సంగతి: దరఖాస్తుకు రెండు నెలల ముందు మాదే ఒక కాన్ఫరెన్స్ పేపర్ అచ్చయింది. ఎఫ్ఈఆర్‌లో దాని ఊసు లేదు.

గండికోట_గాలి (కడప):

చాలదప్పా. "ఎవరూ చేయలేదు" అనేది కొత్తదనానికి జవాబు. మీ మీద పడింది అది కాదు. సెక్షన్ 2(1)(జెఎ)లో రెండు ముక్కలున్నాయి: సాంకేతికంగా ముందడుగో ఆర్థిక ప్రాధాన్యమో ఉండాల, దాంతోపాటు ఆ రంగం తెలిసినోడికి తట్టేది కాకూడదు. మొదటి ముక్క మీద నాలుగు పేజీలు నింపి రెండోదాన్ని మరిచిపోయిన జవాబులే ఎక్కువ.

సైజు మాట అసలు ఎత్తొద్దు. గాడి కోస్తే కరెంటు తిరిగే దారి పెరుగుతుంది, రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగుతుంది, కాబట్టి అదే ఫ్రీక్వెన్సీకి చిన్న ప్యాచ్ చాలు. ఇది పాఠ్యపుస్తకం సంగతి. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన "వర్క్‌షాప్ మెరుగుదల" (పనివాడు మామూలుగా చేసే చిన్న సవరణ) అన్న మాటను సరిగ్గా ఇట్లాంటి చోటే మీ మీదికి తిప్పుతారు. ఇదే కోవలో, ధర్మవరం జరీ పోగుతో కుడితే పేటెంటు రాదా అని అడిగేవాళ్లుంటారు. లోహపు పోగుతో కుట్టిన యాంటెన్నాలు ఎప్పటినుంచో ఉన్నాయి, పోగు మార్చినంత మాత్రాన ఇన్వెంటివ్ స్టెప్ పుట్టదు.

రోష్–సిప్లా కేసులో 2015లో ఢిల్లీ హైకోర్టు ఇన్వెంటివ్ స్టెప్ తేల్చడానికి చెప్పిన ఐదు మెట్ల వరసలో రాయండి. మీ కేసుకు ప్రాణం నాలుగో మెట్టు, అంటే తేడా ఏమిటన్నది. డీ1, డీ2 కలిపితే వచ్చేది ఒకే సైజు గడులున్న పట్టీ. దాన్ని మణికట్టుకు చుడితే గడుల ప్రతిబింబ దశ జారి, బ్యాండ్ తప్పుతుందని కొలిచి చూపండి. అప్పుడు "కలిపినా మీది రాదు" అన్న మాటకు బలం వస్తుంది. డీ2ను మొదటినుంచి చివరిదాకా చదవండి. పలక వంగకూడదు, గట్టిగా ఉండాల అని ఎక్కడైనా ఉంటే ఆ పేరా నంబరు ఎత్తి చూపండి. వంపు గురించి డీ2 ఏమీ అనకపోవడం మాత్రం మీకు సాక్ష్యం కాదు.

3(ఎఫ్)కు విడిగా ఒక పేరా రాయండి. ఆ సెక్షన్ దేనికది విడిగా, తెలిసిన తీరులోనే పనిచేసే భాగాలకు. మీ దాంట్లో ఫోమ్ మందం, వంపు, గడి సైజు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి.

క్లెయిమ్ 4ను క్లెయిమ్ 1లోకి లాగక తప్పదు. సెక్షన్ 59 ప్రకారం మొదట రాసినదాంట్లో లేని అంకె ఇప్పుడు చేర్చలేరు. గడువు ఎఫ్ఈఆర్ తేదీ నుంచి 6 నెలలు, ఫారం 4తో ఇంకో 3 నెలలు. గడువు లోపల జవాబు వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే.

పెన్నా_ఇసుక (అనంతపురం):

కొలతల గురించి చెప్తా. సిమ్యులేషన్ బొమ్మలు మాత్రమే పెడితే ఎదుటివాడు వాటినే తిప్పికొడతాడు: "సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చుకుంటూ పోతే దొరికిందే కదా."

మూడు నమూనాలు చేయండి: ఏఎంసీ లేనిది, ఒకే సైజు గడులది, మీది. ఒకే గుడ్డ తాను, ఒకే ఫోమ్. ఒక్కోదాన్ని చదునుగా ఒకసారి, 30, 40 మిల్లీమీటర్ల వ్యాసార్థం వంపులో ఒక్కోసారి, ఫాంటమ్ (ఒంటి కణజాలానికి నకలు) మీద పెట్టి ఎస్11 (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్), ఎఫిషియెన్సీ, ఎస్ఏఆర్ (ఒళ్లు పీల్చే రేడియో శక్తి) తీయండి. కండరం ఫాంటమ్‌కు 2.45 దగ్గర పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రాన్ని పట్టి ఉంచే గుణం) 52.7, కండక్టివిటీ మీటరుకు 1.74 సీమెన్స్ చుట్టూ ఉండాల. మొబైల్ ఫోన్లకు ఎస్ఏఆర్ మన పరిమితి 1 గ్రాము కణజాలానికి సగటున కిలోకు 1.6 వాట్లు. యూరప్ లెక్క 10 గ్రాములకు, తలకూ మొండేనికీ 2, కాళ్లకూ చేతులకూ 4. మన లెక్క, యూరప్ లెక్క కలిపి పట్టిక వేయొద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది కేబుల్ దగ్గర. ఇంత చిన్న యాంటెన్నాకు కోయాక్స్ తొడుగు కూడా రేడియేట్ చేస్తుంది. కనెక్టర్ పక్కనే ఫెరైట్ పూసలు వేయకపోతే ఎఫిషియెన్సీ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. చేత్తో కేబుల్ పట్టుకుంటే గ్రాఫ్ కదిలిందా, ఆ కొలత పారేయండి. రెండోది తేమ. నీటి పర్మిటివిటీ 80కి దగ్గర, జీన్స్ చెమట పీల్చగానే రెజొనెన్స్ కిందికి జారుతుంది. మన మే నెల ఎండలో కొలిచినది, ఏసీ గదిలో కొలిచినది ఒకే పట్టికలో పెడితే తేడా గడులదా చెమటదా తేలదు.

ఒక హెచ్చరిక. దశ కోసం గడి సైజు మార్చడం రిఫ్లెక్ట్‌అర్రే (గడుల పలకతో కిరణాన్ని మళ్లించే యాంటెన్నా) వాళ్ల పాత విద్య. హియరింగ్‌లో అది డీ3గా రావచ్చు. పేటెంట్ల వర్గీకరణలో హెచ్01క్యూ 1/273 (ఒంటి మీద ధరించే యాంటెన్నాలు) తో ఆగకుండా హెచ్01క్యూ 15 (అలల్ని ప్రతిబింబించే పరికరాలు) కింద కూడా వెతకండి, చేతిగడియారాలకు జీ04ఆర్ 60 ఉంది. రిఫ్లెక్ట్‌అర్రేలో ఫీడ్ (సిగ్నల్ అందించే యాంటెన్నా) దూరంగా ఉంటుంది, లక్ష్యం కిరణం దిశ. మీ దాంట్లో యాంటెన్నా 3 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది, లక్ష్యం ఏమంటే పట్టీ వంగినా మ్యాచింగ్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా యాంటెన్నాలోకి పోవడం) చెదరకపోవడం. క్లెయిమ్‌లో నిష్పత్తిని వంపు వ్యాసార్థానికి కట్టేస్తేనే ఈ తేడా నిలుస్తుంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

నమూనాలు మొదలుపెడతాం. పేపర్‌లో ఉన్నది చదును పలక, ఒకే సైజు గడులే. దాన్ని పట్టించుకోకుండా ఉండొచ్చునా?

గండికోట_గాలి (కడప):

ఉండకూడదు. సొంత పేపర్‌కు అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది గానీ మన సెక్షన్ 31 ఇరుకు: విద్వత్ సంఘం ముందు చదివినదో, ఆ సంఘం ప్రచురణల్లో వచ్చినదో అయితేనే 12 నెలలు. ఆ కాన్ఫరెన్స్ దాని కిందికి వస్తుందో లేదో పేటెంట్ ఏజెంటుతో తేల్చుకోండి. రాదు అనుకునే జవాబు సిద్ధం చేయండి. పేటెంటు మంజూరయ్యేలోపు ఎవరైనా సెక్షన్ 25(1) (మంజూరుకు ముందు వేసే అభ్యంతరం) కింద దాన్ని పట్టుకొచ్చి డీ1 పక్కన పెట్టగలరు. అప్పుడు గుడ్డ, ఫోమ్, ఏఎంసీ అన్నీ తెలిసినవే అవుతాయి, మీకు మిగిలేది గడుల నిష్పత్తి ఒక్కటే. ఒకే సైజు గడుల నమూనాను ఆ పేపర్ కొలతలతోనే చేయించండి. అదే పరీక్ష డీ2కూ మీ పేపర్‌కూ రెండింటికీ జవాబవుతుంది.