తాతగారి తాళపత్రాలు, కొంత డబ్బు: మ్యూజియానికి ఎలా ఇవ్వాలి?

మాది హైదరాబాద్, మలక్‌పేట. తాతగారు వదిలి వెళ్లిన తాళపత్రాల కట్టలు నాలుగు అటక మీద ఉన్నాయి. ఒకదాని అంచును చెదలు అప్పుడే రుచి చూశాయి. వాటిని పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి ఇచ్చి, నిమ్మగడ్డి నూనె పూయించడం వంటి సంరక్షణకు 50,000 రూపాయలు కూడా ఇద్దామని మా అన్నదమ్ముల ఆలోచన.

75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయని తెలుసు. 1996లో కేంద్రం ఏర్పాటు చేసిన జాతీయ సాంస్కృతిక నిధికి ఇచ్చే దాతలు ఫలానా పనికే అని చెప్పవచ్చు. మరి రాష్ట్ర మ్యూజియానికి నేరుగా ఇస్తే, ఆ డబ్బు మా కట్టలకే ఖర్చయ్యేలా షరతు రాసుకోవచ్చా? ఇదివరకు ఇచ్చినవారు దరఖాస్తు ఎవరి పేరిట రాశారు, రసీదులో ఏమి రాయించుకున్నారు, దయచేసి చెప్పగలరా? ఫలకం మీద పేరు అక్కర్లేదు. ఆ ముచ్చట మా చిన్నన్నయ్యది మాత్రమే.