రీ-రిలీజ్ సినిమాకి వెళ్ళొచ్చాక దిగులేసింది, మీకెవరికైనా ఇలా ఉందా?

బెజవాడ_81:
నాకు 44. 2001 ఏప్రిల్లో ఖుషి వచ్చినప్పుడు నేను డిగ్రీ, మొదటి వారంలోనే మూడుసార్లు చూశాం, మణిశర్మ పాటలైతే కేసెట్ అరిగిపోయేదాకా విన్నాం. 2022 డిసెంబర్ 31న మళ్ళీ వేస్తున్నారంటే మావాణ్ణి తీసుకెళ్ళా, అప్పుడు వాడు తొమ్మిదో తరగతి, మా రోజులు ఎలా ఉండేవో వాడికి చూపిద్దామని నా ఆశ. తీరా చూస్తే తెర మీద డైలాగ్ రాకముందే వాడు చెప్పేస్తున్నాడు, చుట్టూ ఉన్న పిల్లలంతా చెప్పేస్తున్నారు, అందులో సగం మంది 2001కి పుట్టి కూడా ఉండరు. పాట రాగానే అందరూ లేచి ఫోన్ లైట్లు వేసి ఊపుతున్నారు. నాకూ లేవాలనిపించింది, లేవలేకపోయా. పక్కనుంచి ఒక పిల్లాడు "అంకుల్, కొంచెం జరగండి" అన్నాడు, మర్యాదగానే అన్నాడు. అదే హాల్లో కాగితాలు చించి ఎగరేసినోళ్ళం మేం. ఇంటికొచ్చాక రెండు రోజులు మనసు బాలేదు, తర్వాత ఏ రీ-రిలీజ్‌కీ వెళ్ళలేదు. ఇప్పుడు ఇంకోటి వస్తోంది, మావాడే టికెట్లు తీస్తానంటున్నాడు. ఏం చెప్పాలో తెలీట్లేదు. వెళ్ళాలా, వద్దా?

మల్లెతీగ:
నాకు 41 అండీ, మీరు చెప్పింది బాగా అర్థమైంది. నాకు సినిమాలకన్నా కేసెట్ల మీద బెంగ. కాగితం మీద పాటల లిస్టు రాసి షాపులో ఇస్తే రెండు రోజులకి రికార్డు చేసి ఇచ్చేవాడు, 60 నిమిషాల కేసెట్‌కి ఒక్కో వైపు ఆరు పాటలు పట్టేవి, చివర్లో కొంచెం చోటు మిగిలితే ఆయనకి నచ్చిన పాట ఒకటి వేసేవాడు. అలా నేను అడక్కుండానే ఒక ఇళయరాజా పాట వచ్చింది, మధ్యలోనే తెగిపోతుంది, ఈరోజుకీ ఆ పాట ఎక్కడ విన్నా అక్కడికి రాగానే ఆగిపోతుందేమో అనిపిస్తుంది. ఆ షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా అమ్మాయి వినే పాటలు నాకు ఎక్కట్లేదని చాలా బాధపడేదాన్ని. ఇప్పుడు మేమిద్దరం ఆదివారం వంట చేసేటప్పుడు తనొకటి పెడుతుంది, నేనొకటి పెడతా, మధ్యలో ఆపకూడదు. తనవి సగం నచ్చవు, నచ్చినవి మాత్రం తను కాలేజీకి వెళ్ళాక కూడా పెట్టుకుంటున్నా.

కరీంనగర్_పోరడు:
అన్నా, నాకు 22. ఆ సినిమా నేను టీవీలనే చూసిన, మధ్యమధ్యల యాడ్స్‌తోని. పెద్ద తెర మీద చూసుడు మాకు అదే ఫస్ట్ టైమ్, అందుకే అంత ఒర్రినం. ఆరెంజ్ 2010ల వచ్చినప్పుడు ఆడలేదంట, 2023ల మళ్ళ ఏస్తే నేను పోయిన, హారిస్ జయరాజ్ పాటలు హాలు మొత్తం కలిసి పాడింది. అప్పుడు ఎవరు చూడని సినిమాని మేం ఎత్తుకున్నం, అది మాది అనిపిస్తది. కుర్చీలు ఇరగ్గొట్టుడు, తెర ముంగట పటాకులు పేల్చుడు మాత్రం తప్పే, నాకూ నచ్చది. కానీ మీ పక్కన నేనుంటే, మీరు ఫస్ట్ రిలీజ్‌ల చూసిన్రని తెలిస్తే ఇంటర్వెల్ల మిమ్మల్ని ఇడిచిపెట్టకపోదు, టికెట్ ఎంత, బ్లాకుల ఎంతకు కొన్నరు అన్నీ అడుగుదు. మీవాడు అడిగిండా? అడగకపోతే మీరే చెప్పున్రి అన్నా.

గోదారిగట్టు:
బాబూ, నాకు 63. మా చిన్నప్పుడు మేం చూసిందే పాత సినిమాలు. ప్రింట్లు తక్కువ, ముందు పెద్ద ఊళ్ళు, తర్వాత చిన్న టౌన్లు, మా ఊరి టూరింగ్ టాకీస్‌కి వచ్చేసరికి రీళ్ళు గీతలు పడి, తెగినచోటల్లా అతికించి ఉండేవి. 1957 మాయాబజార్ నేను పుట్టకముందు సినిమా, నేల టికెట్‌కి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. 2010 జనవరిలో దాన్నే రంగుల్లో వేస్తే అమ్మని తీసుకెళ్ళా, ఆవిడకి అప్పటికే డెబ్భై దాటాయి. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నతో ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళి చూసిందట. ఒకచోట సావిత్రి కనపడగానే నా చెయ్యి పట్టుకుని "ఒరే, ఆ చీర ఈ రంగు కాదురా, నేను ఆకుపచ్చ అనుకున్నా" అంది. యాభై మూడేళ్ళు ఆవిడ మనసులో అది ఆకుపచ్చ చీరే. దారి పొడుగునా ఆ బండి సంగతి, వాళ్ళ నాన్న కొనిపెట్టిన వేరుశనక్కాయల సంగతి చెబుతూనే ఉంది, అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళకి పోయింది. మీవాడు పిలుస్తున్నాడు, వెళ్ళండి బాబూ.

బెజవాడ_81:
గోదారిగట్టు గారూ, మీది చదివి చాలాసేపు కూర్చుండిపోయానండీ. కరీంనగర్ తమ్ముడూ, వాడు అడగలేదు, రాత్రి నేనే చెప్పా. మొదటి రోజు క్యూలో చొక్కా జేబు చిరిగిపోవడం, ఇంట్లో తెలీకుండా మా అక్క కుట్టిపెట్టడం అన్నీ. అన్నం తినడం ఆపేసి విన్నాడు, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నా" అన్నాడు. ఆదివారం మార్నింగ్ షోకి తీయమన్నా. మూడు టికెట్లు, వాళ్ళమ్మ కూడా వస్తానంది.