మిద్దె మీద మొక్కలు, వీధిలో చెట్లు వరదను ఆపుతాయా?

మిద్దెతోట:
కొత్త పెద్ద భవనాలన్నింటికీ పచ్చటి పైకప్పు, అంటే మిద్దె మీద మట్టి పొర పరిచి మొక్కలు పెంచడం, తప్పనిసరి చేయాలంటాను. టొరంటో 2009లోనే అలాంటి నిబంధన తెచ్చింది. వాన పడ్డచోటే మట్టి పట్టుకుంటుంటే కాలువలు వెడల్పు చేసుకుంటూ పోవడం దేనికి?

నీటిలెక్క:
ముందు లెక్క చూడండి. చదరపు మీటరుపై 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. 100 చదరపు మీటర్ల మిద్దెపై 100 మి.మీ. కురిస్తే 10,000 లీటర్లు. 10 సెం.మీ. మట్టి పొర, అదీ బాగా ఎండి ఉంటే, 30 మి.మీ. అటూ ఇటూగా పీల్చుకుంటుంది. అంటే 3,000 లీటర్లు. తక్కిన 7,000 రోడ్డు మీదికే. మర్నాడూ వాన వస్తే ఆ 3,000 కూడా అనుమానమే, మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. 2021 జూలై 20న చైనాలోని జెంగ్‌జౌలో ఒక్క గంటలో 200 మి.మీ. పైగా కురిసింది. అక్కడ మీ మొక్కలు ఏం చేస్తాయి?

మిద్దెతోట:
కుంభవృష్టిని చూపించి చిరువానను కొట్టిపారేయడం న్యాయం కాదు. ఏడాదిలో ఎక్కువ వానలు చిన్నవే. వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోయే పాత నగరాల్లో ఆ చిన్న వానకే మురుగు పొంగి నదిలో కలుస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా 2011లో వాననీటిని మట్టితో, మొక్కలతో పట్టుకునే 25 ఏళ్ల ప్రణాళిక మొదలుపెట్టింది ఆ బాధ పడలేకే.

పాత ఇంజనీరు:
మిద్దెతోట గారూ, కొత్త భవనాల వరకు సరే. రేపు పాతవాటికీ రుద్దుతారేమోనని నా భయం. ఆ 10 సెం.మీ. పొర తడిస్తే చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది. స్లాబు మోయగలదో లేదో చూడకుండా మట్టి ఎత్తించకూడదు. వాటర్‌ప్రూఫింగ్ పొరను వేళ్లు చీలిస్తే, లీకు ఎక్కడుందో వెతకడానికి తోటంతా పెకలించాలి.

చెట్టునీడ:
అందరూ పైకప్పు దగ్గరే ఆగిపోయారు. చెట్ల విషయంలోనూ ఆకుల మీదే ఆశ పెట్టుకోవద్దు. కొమ్మలూ ఆకులూ పట్టుకునేది మహా అయితే కొద్ది మిల్లీమీటర్లు. అసలు పని కింద మట్టిది. ఏ కాలిబాట చెట్టునైనా గమనించండి: మొదలు దాకా సిమెంటు, చుట్టూ జానెడెత్తు గట్టు. రోడ్డు మీద పారే నీరు ఆ గట్టును ఒరుసుకుంటూ నేరుగా కాలువలో పడుతుంది. పక్కనే చెట్టు దాహంతో ఎండుతుంటుంది! గట్టుకు ఒకచోట గండి కొట్టి, పాదును రోడ్డు కంటే లోతుగా తవ్వితే నీరు తనంతట తానే వస్తుంది. పాదు చుట్టూ మట్టి గుల్లగా ఉండాలి. వాహనాల బరువుకు అణిగి గట్టిపడిన నేలలో నీరూ దిగదు, వేరూ దిగదు.

నీటిలెక్క:
బంకమట్టి నేల అయితే? నిలిచిన నీటిలో దోమలు పెరగవా?

చెట్టునీడ:
దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం దాకా పడుతుంది. నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకేలా కట్టుకోవాలి. బంకమట్టి అయితే అడుగున కంకర పొర, చిల్లుల గొట్టం వేసి మిగులు నీటిని కాలువకు వదలాలి. కాలువలు వద్దనడం లేదు నేను.

పాత ఇంజనీరు:
దీనికి ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. గండి దగ్గర ఆకులు, ఇసుక, ప్లాస్టిక్ పేరుకుంటే రెండో వానకే నోరు మూసుకుపోతుంది. అది ఎవరు తీయాలో టెండరులోనే రాయండి.