ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్‌కు ఏఐఓ చాలుతుందా, కస్టమ్ లూప్ తప్పదా?

నీలిమబ్బు:
చర్చ గాల్లో తిరగకుండా కొలతలతోనే మొదలుపెడుతున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ ఐ9-14900కె, కేస్ పైభాగంలో 360 ఎంఎం ఏఐఓ (పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ కలిపి తయారుగా వచ్చే నీటి కూలర్), మూడు ఫ్యాన్లూ 1800 ఆర్పీఎం, గది 28 డిగ్రీలు. 253 వాట్ల లిమిట్ ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. లిమిట్ ఎత్తేసి, పీ-కోర్లన్నిటికీ (వేగంగా నడిచే పెద్ద కోర్లు) 5.8 గిగాహెర్ట్జ్ పెట్టి సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష నడిపితే ప్యాకేజీ (మొత్తం చిప్) 310 వాట్లు, కూలెంట్ (లూప్‌లో తిరిగే నీరు) 42 డిగ్రీలు, అన్నిటికంటే వేడెక్కిన కోర్ 100 తాకి థ్రాటిల్ అవుతోంది, అంటే వేడికి తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. రెండు 360 రేడియేటర్లతో కస్టమ్ లూప్ (విడిభాగాలు కొని మనమే కూర్చుకునే నీటి కూలింగ్) వేస్తే ఈ 100 ఎంతకు దిగుతుంది? గ్రాఫిక్స్ కార్డును లూప్‌లో కలపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

రాగిపలక:
కూలెంట్ ఉష్ణోగ్రత ఇచ్చారు, సగం పని అయిపోయింది. చాలామంది కోర్ ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పి సలహా అడుగుతారు, దానితో ఏమీ తేలదు.

కోర్‌లో పుట్టిన వేడి గదిలోకి చేరడానికి రెండు మెట్లు దిగాలి. కోర్ నుంచి నీటికి ఒకటి, నీటి నుంచి గాలికి ఇంకొకటి. మీ దగ్గర నీరు గదికంటే 14 డిగ్రీలు ఎక్కువ. కోర్ నీటికంటే 58 డిగ్రీలు ఎక్కువ. రేడియేటర్లు ఎన్ని పెంచినా తగ్గేది ఆ 14 మాత్రమే. మంచి ఫ్యాన్లతో రెండు 360లు పెడితే అది 6కి రావచ్చు. అంటే మీకు దక్కేది 8 డిగ్రీలు. ఆ 58లో సిలికాన్, దాని మీది సోల్డర్, ఐహెచ్ఎస్ (చిప్ మీది లోహపు మూత), ఆ మూత మీద పూసే పేస్ట్, బ్లాక్ (చిప్ మీద కూర్చునే, లోపల నీరు పారే భాగం) అడుగు అన్నీ ఉన్నాయి. వాటిలో బ్లాక్ ఒక్కటే కస్టమ్‌లో మారుతుంది.

ఒక్క ప్రాసెసర్ కోసమే అయితే మంచి 360 లేదా 420 ఏఐఓ దాటి వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం.

గట్టిగొట్టం:
రాగిపలక గారూ, లెక్క కాగితం మీద బాగానే ఉంది, కానీ ఆ ఏఐఓలో నీళ్లు ఎన్ని? పావు లీటరు. కస్టమ్‌లో లీటరు పైచిలుకు. చెంబుడు నీళ్లు కాగినంత త్వరగా గంగాళం కాగదు. పది నిమిషాల బెంచ్‌లో బాగా కనిపించిన ఏఐఓ గంటసేపు రెండరింగ్‌లో చేతులెత్తేస్తుంది. పైగా ఏఐఓ పంపుకీ కస్టమ్‌లో వాడే డీ5 రకం పంపుకీ పోలికే లేదు. నీళ్లు ఎంత జోరుగా పారితే బ్లాక్ అంత చల్లగా ఉంటుంది.

కొలబద్ద:
గంగాళం పోలిక నీళ్లు ఎంతసేపట్లో కాగుతాయో చెబుతుంది, ఎంతవరకు కాగుతాయో చెప్పదు. 310 వాట్ల వేడి ఎక్కడికీ పోకుండా అంతా నీళ్లలోనే చేరితే, పావు లీటరు ఒక డిగ్రీ పెరగడానికి దాదాపు 3.4 సెకన్లు, 1.2 లీటర్లు పెరగడానికి 16 సెకన్లు పడుతుంది. కానీ రేడియేటర్ వేడిని బయటికి తోస్తూనే ఉంటుంది కదా. ఆ లెక్క కలిపితే మీరు చెప్పిన ఏఐఓ రెండు మూడు నిమిషాల్లో, కస్టమ్ లూప్ ఐదారు నిమిషాల్లో నిలకడకు వస్తాయి. లోహపు భాగాల వేడి కూడా కలిస్తే ఇంకాస్త. పదో నిమిషానికి రెండూ స్థిరపడతాయి. ఆ తర్వాత కూడా పెరుగుతోందంటే కేస్‌లోని గాలి వేడెక్కుతోందన్న మాట, దానికి నీళ్ల పరిమాణంతో సంబంధం లేదు. నీళ్లు ఎక్కువగా ఉంటే దక్కే మేలు వేరే ఉంది: లోడ్ వచ్చి పోతున్నప్పుడు ఫ్యాన్లు క్షణక్షణం ఎగిరిపడవు.

ప్రవాహం సంగతి. నిమిషానికి ఒక లీటరు పారితే 310 వాట్లకు బ్లాక్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా 4.4 డిగ్రీలు. మూడు లీటర్లు పారితే 1.5. కోర్ మీద పడే ప్రభావం ఇందులో సగమే, అంటే ఒకటిన్నర డిగ్రీ. బ్లాక్ లోపలి సన్నటి గాళ్లలో (గాడుల్లో) నీరు వేగంగా రాసుకుంటూ పోవడం వల్ల ఇంకో డిగ్రీ రెండు డిగ్రీలు కలుస్తాయి. డీ5 మోటర్ పేపర్ మీద గంటకు 1500 లీటర్లు తోస్తుంది. నిజమైన లూప్‌లో రేడియేటర్లు, బ్లాక్, మలుపుల అడ్డంకి దాటి వచ్చేది గంటకు 150 నుంచి 250. అది చాలు కూడా.

ఇంకో మాట, ఇది ఇద్దరూ వదిలేశారు. నీలిమబ్బు గారూ, మీ చిప్ థ్రాటిల్ అవుతోంది. కాబట్టి 310 వాట్లు దాని అసలు ఆకలి కాదు, 100 డిగ్రీల గోడ తగిలి ఆగిన చోటు. కూలింగ్ బాగుపడితే ముందు వాట్లు పెరుగుతాయి, ఉష్ణోగ్రత ఆ తర్వాతే తగ్గుతుంది. మీ సంఖ్యల ప్రకారం 72 డిగ్రీల తేడాకు ఇప్పుడు 310 వాట్లు పోతున్నాయి. రెండు 360ల కస్టమ్‌తో అదే 72కు దాదాపు 350 పోతాయి. కోర్ మళ్లీ 100 చూపించినా ఆశ్చర్యపోకండి, లూప్ పాడైందనుకోకండి. శక్తి ఫ్రీక్వెన్సీతోనూ, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. 5.8 దగ్గర వోల్టేజ్ గీత నిట్టనిలువుగా ఉంటుంది, ఆ 40 వాట్లకు 100 మెగాహెర్ట్జ్ వస్తే గొప్ప.

గట్టిగొట్టం:
నీళ్ల పరిమాణం మాట ఒప్పుకుంటాను, కొలబద్ద గారు చెప్పినదే సరి. కానీ శబ్దం మాటేమిటి? 14 డిగ్రీల తేడా రావడానికి ఆ ఏఐఓ ఫ్యాన్లు 1800 దగ్గర మోగుతున్నాయి. రెండు 360 రాగి రేడియేటర్లు 1000 ఆర్పీఎం దగ్గరే 9 డిగ్రీల తేడా ఇస్తాయి. పక్కన కూర్చునేవాళ్లకు ఆ తేడా ఫ్రీక్వెన్సీ కంటే విలువైనది. రెండోది మరమ్మతు. ఏఐఓ పంపు పోతే మొత్తం చెత్తబుట్టకే. కస్టమ్‌లో డీ5 మోటర్ ఒక్కటే మార్చుకోవచ్చు, కొత్త సాకెట్ వస్తే బ్రాకెట్ మారుస్తారు, రేడియేటర్లు పదేళ్లు పనికొస్తాయి.

నిశ్శబ్దం:
శబ్దం విషయంలో గట్టిగొట్టం గారి పక్షమే. కానీ ఏఐఓ ఫ్యాన్ల మోతలో సగం తప్పు అమరిక వల్లే వస్తుంది. ఫ్యాన్ కర్వ్‌ను (ఏ వేడికి ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే అమరిక) కోర్ ఉష్ణోగ్రతకు కట్టేస్తారు. కోర్ అర సెకనులో 30 డిగ్రీలు ఎగిరి మళ్లీ పడుతుంది, నీరు అప్పటికి కదలనే కదలదు. కర్వ్‌ను కూలెంట్ సెన్సర్‌కు కట్టండి: 34 వరకు 700 ఆర్పీఎం, 40కి 1200, 45కి పూర్తి వేగం. కస్టమ్‌లో అయితే 10కె ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి ఫిట్టింగ్ సందులో బిగించి బోర్డు మీది రెండు పిన్నుల హెడర్‌కు (వైరు తగిలించే చోటు) కలపాలి. పంపును మాత్రం కర్వ్ మీద వదలొద్దు. ఏఐఓ పంపు వైరు మామూలు ఫ్యాన్ హెడర్‌లో ఉండిపోయి సగం వేగంతో తిరగడం మహా మామూలు తప్పు. అది పూర్తి వేగంలోనే ఉండాలి.

ఏఐఓ ఎలా చచ్చిపోతుందో కూడా చెప్పుకోవాలి. పంపు కాలిపోవడం ఒక్కటే కాదు. రబ్బరు గొట్టాల గుండా నీరు ఏళ్ల తరబడి ఆవిరై పోతుంది, లోపల గాలి చేరుతుంది. ఆ గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికే వెళ్తుంది. రేడియేటర్ కేస్ అడుగున ఉంటే ఎత్తైన చోటు పంపే, గరగర మొదలవుతుంది. పైన బిగిస్తే గాలి రేడియేటర్ ట్యాంకులో ఉండిపోతుంది. ఇంకొకటి, చాలా ఏఐఓల్లో రేడియేటర్ అల్యూమినియం, బ్లాక్ అడుగు రాగి. ఈ రెండూ ఒకే నీటిలో ఉంటే తుప్పు ఖాయం, కూలెంట్‌లోని నిరోధకం ఉన్నన్నాళ్లే ఆగుతుంది. తర్వాత జిగురులాంటి మడ్డి రాగి గాళ్లలో చేరుతుంది.

గుర్తుపట్టడం ఇలా. పాత కొలతలు రాసి పెట్టుకోండి. నీటికీ గదికీ మధ్య తేడా పెరిగితే రేడియేటర్‌లో దుమ్ము లేదా ఫ్యాన్ల తప్పు. నీటికీ కోర్‌కీ మధ్య తేడా పెరిగితే పేస్ట్ ఎండింది, లేదా గాళ్లు మూసుకుపోయాయి. లోడ్‌లో రెండు గొట్టాలూ పట్టుకుని చూస్తే ఒకటి వేడిగా, ఒకటి చల్లగా తెలుస్తోందంటే ప్రవాహం పడిపోయినట్టే. బాగున్నప్పుడు ఆ తేడా చేతికి అందనంత తక్కువ.

నీలిమబ్బు:
గ్రాఫిక్స్ కార్డును కూడా లూప్‌లో కలిపితే ఖర్చుకు న్యాయం జరుగుతుందని చాలాచోట్ల వింటుంటాం. ఆ రెండు 360లకే కలిపితే?

రాగిపలక:
అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 450 వాట్ల కార్డు, 310 వాట్ల ప్రాసెసర్ కలిస్తే 760. ఆ రెండు రేడియేటర్లు 1000 ఆర్పీఎం దగ్గర 340 వాట్లకు దాదాపు 10 డిగ్రీల తేడా తీసుకుంటాయనుకుంటే, 760కి 22. మీ 28 డిగ్రీల గదిలో నీరు 50. అంటే ప్రాసెసర్‌కు ఇప్పటి ఏఐఓ ఇస్తున్న 42 కంటే అధ్వానం! కార్డు మాత్రం గాలి కూలర్ కంటే బాగా చల్లబడుతుంది, అది నిజమే. పీఈటీజీ ప్లాస్టిక్ గట్టి గొట్టాలు వాడితే ఇంకో చిక్కు, 60 దగ్గరికి వచ్చేసరికి అవి మెత్తబడతాయి, ఫిట్టింగ్ నుంచి జారతాయి. నీరు 50 దాటకుండా చూసుకోవాలి. మోటు లెక్క 100 వాట్లకు ఒక 120 ఎంఎం రేడియేటర్ (ఒక 360 అంటే మూడు 120లు). మీ రెండింటికీ కలిపి కనీసం ఏడెనిమిది 120లు కావాలి.

రెండూ ఒకేసారి నిండు లోడ్‌లో ఉండడం అరుదు, ఆ మాట నేనే చెబుతున్నాను. గేమ్‌లలో ప్రాసెసర్ 120-150 వాట్ల దగ్గరే తిరుగుతుంది.

గట్టిగొట్టం:
ఆ లెక్కతో నాకూ పేచీ లేదు, రేడియేటర్ తక్కువైన లూప్ అన్నిటికంటే చెడ్డ బేరం. అయితే కస్టమ్ వేసేవాళ్లు ఎక్కడ దెబ్బతింటారో చెబుతాను, భయపెట్టడానికి కాదు, సరిగా వేసుకుంటారని.

ఇల్లు అలకగానే పండగ కాదు, నీళ్లు పోయగానే లూప్ అయిపోదు. కొత్త రేడియేటర్‌లో సోల్డర్ ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం నింపి, రెండు రంధ్రాలూ మూసి బాగా కుదిపి పారబోయాలి. నీరు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు. ఇది ఎగ్గొడితే ఆ చెత్తంతా బ్లాక్ గాళ్లలో ఇరుక్కుంటుంది. గట్టి గొట్టం కోసిన అంచును లోపలా బయటా నున్నగా గీయాలి. గీయని అంచు ఓ-రింగ్‌ను చీరేస్తుంది, ఆ చీలిక కంటికి కనపడదు, వారం తర్వాత బొట్టుబొట్టుగా తెలుస్తుంది. జీ 1/4 (లూప్ భాగాలకు వాడే ప్రామాణిక మర కొలత) ఫిట్టింగ్‌లను చేత్తో బిగిస్తే చాలు. రెంచ్ పెడితే అక్రిలిక్ పగులుతుంది.

నీళ్లు పోసేముందు గాలి పంపుతో 0.5 బార్ ఒత్తిడి ఎక్కించి అరగంట ఆగండి. ముల్లు కదలకూడదు. తర్వాత పవర్ సప్లై నుంచి బోర్డు, కార్డు వైర్లన్నీ పీకేసి, 24 పిన్నుల కనెక్టర్‌కు జంపర్ పెట్టి పంపుకు మాత్రమే కరెంటు ఇవ్వాలి. రిజర్వాయర్ నింపండి, పది సెకన్లు తిప్పండి, ఆపండి, మళ్లీ నింపండి. డీ5 లోపలి బేరింగ్‌ను చల్లబరిచేది నీరే, పొడిగా తిరిగితే అరిగిపోతుంది. కేస్‌ను నాలుగు వైపులా వంచుతూ బుడగలు తీయాలి. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పెట్టి ఒక రోజు నడపండి. అన్నిటికంటే కింద ఒక డ్రెయిన్ వాల్వ్ పెట్టడం మరవకండి, లేకపోతే ఏడాదికి కూలెంట్ మార్చేనాడు కేస్ అంతా తడుస్తుంది.

రంగు కూలెంట్లు, ముఖ్యంగా పాలలా కనిపించే పాస్టెల్ రకాలు, అడుగున పేరుకుంటాయి. తేట కూలెంటే వాడండి. మెత్తటి గొట్టం కావాలంటే ఈపీడీఎం రబ్బరు. పారదర్శక పీవీసీలోని ప్లాస్టిసైజర్ కరిగి గాళ్లలో తెల్లగా గడ్డకడుతుంది. అల్యూమినియం భాగం ఒక్కటి కూడా లూప్‌లోకి రానివ్వకండి.

నిశ్శబ్దం:
ఇంత పని ఒక్క ప్రాసెసర్ కోసం అక్కర్లేదనుకునేవాళ్లకు మధ్య దారి ఒకటుంది. ఆల్ఫాకూల్ ఐస్‌బేర్ లాంటివి ఏఐఓలా తయారుగా వస్తాయి, కానీ రేడియేటర్ రాగిది, ఫిట్టింగ్‌లు జీ 1/4. నీరు తగ్గితే పోసుకోవచ్చు, తర్వాత ఇంకో రేడియేటర్ చేర్చుకోవచ్చు.

కొలబద్ద:
మళ్లీ ఆ 58 దగ్గరికి రండి, అసలు గని అక్కడుంది. డీలిడ్ చేసి, అంటే ఐహెచ్ఎస్ తీసేసి, డైరెక్ట్ డై బ్లాక్‌ను (నేరుగా డై, అంటే సిలికాన్ మీదే కూర్చునేది) పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్‌తో కూర్చోబెడితే ఆ 58లో పది డిగ్రీలకు పైనే పోతుంది. రెండో రేడియేటర్ ఇచ్చినదానికంటే ఎక్కువ. ఇక్కడ మాత్రం కస్టమ్‌దే పైచేయి. డైరెక్ట్ డై కోసం ఎత్తు సరిచూసి చేసిన బ్లాకులు ఎక్కువగా దొరికేది కస్టమ్‌లోనే. మామూలు ఏఐఓ బ్రాకెట్ ఐహెచ్ఎస్ ఎత్తుకు కొలిచినది, డై దాకా దిగక ఒత్తిడి చాలదు. లిక్విడ్ మెటల్‌లోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒట్టి రాగిలోకి ఇంకి ఎండిపోతుంది. నికెల్ పూత ఉన్న బ్లాకే కావాలి. చిప్ వారంటీ పోతుంది, డై అంచు చిట్లితే చిప్పే పోతుంది. ఆ తెగింపు లేకపోతే కస్టమ్ లూప్‌తో ప్రాసెసర్‌కు దక్కేది మౌనమే, వేగం కాదు.

వోల్టేజ్ గురించి ఒక హెచ్చరిక. 13, 14 తరాల కోర్ చిప్‌లలో ఎక్కువ వోల్టేజ్ వల్ల వచ్చిన అస్థిరతకు ఇంటెల్ 2024లో 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయాస్ ద్వారా చిప్‌లోకి ఎక్కే సవరణ) ఇచ్చింది. అది 1.55 వోల్టులు మించి అడగనివ్వదు. ముందు బయాస్ కొత్తది ఎక్కించండి. చల్లగా ఉంది కదా అని వోల్టేజ్ పెంచుకుంటూ పోతే ఏ లూప్ కాపాడదు.

నీలిమబ్బు:
అయితే డబ్బు పెట్టేముందు ఆ 58లో ఏదైనా చవకగా తగ్గే దారి ఉందా?

కొలబద్ద:
ఉంది. మీ చిప్ కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ లోహపు గొళ్లెం చిప్‌ను పొడవు అంచుల మధ్యలో నొక్కుతుంది, దానివల్ల ఐహెచ్ఎస్ నడుమ కుంగుతుంది, బ్లాక్ ఒత్తుగా కూర్చోదు. ఆ గొళ్లెం తీసి కాంటాక్ట్ ఫ్రేమ్ (చిప్‌ను చుట్టూ సమంగా నొక్కే లోహపు చట్రం) వేయండి. చిప్ వంపును బట్టి కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. పాత పేస్ట్ తుడిచేముందు బ్లాక్ అడుగున అచ్చు చూడండి. నడుమ మందంగా, అంచుల్లో పల్చగా ఉంటే మీ చిప్ వంగినట్టే, ఫ్రేమ్ పని చేస్తుంది. అచ్చు అంతటా ఒకేలా ఉంటే పెద్దగా ఆశించకండి.

బిగించేటప్పుడు స్క్రూలు నాలుగూ వేలితో ఆనేదాకా తిప్పి, తర్వాత ఎదురెదురు మూలలు పావు తిప్పు చొప్పున. ఎక్కువ బిగిస్తే మెమరీ స్టిక్‌లలో ఒకటి కనపడకుండా పోతుంది. అలా జరిగితే ర్యామ్ మార్చకండి, నాలుగు స్క్రూలూ కాస్త కాస్త వదులు చేసి మళ్లీ బూట్ చేయండి.